ఊపిరుండగా డిశ్చార్జి

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ ఉదయం పదకొండు ఇరవైకి ఎడిటర్ గారు ఆదివారం మొదటి పేజీ హేమశ్రీకి ఇచ్చేశారు.

ఇరవై నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఆసుపత్రుల మీద రాస్తున్నది నేను. హార్బర్, ఆసుపత్రులు రెండూ నా బీటే. పన్నెండేళ్ళ క్రితం హేమశ్రీ మా ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునేది. ఉద్యోగం మానేసి పబ్లిక్ హెల్త్ చదవడానికి వెళ్ళింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ నుంచి డాక్టర్ హేమశ్రీగా వచ్చి, ఎడిటర్ గదిలో లాప్‌టాప్ తెరిచింది. టీ చల్లారేలోపు మొదటి పేజీ ఆమెదైపోయింది.

విషయం ఇది. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం కింద ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ డబ్బు కోసం క్లెయిము పెడుతుంది. అందులో రోగి పేరు తీసేసినా మిగతావన్నీ ఉంటాయి. వయసు, ఊరు, ఏ ఆపరేషన్, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వెళ్ళాడు, ఎలా వెళ్ళాడు. చివరి గడిలో రెండే మాటలు: డిశ్చార్జి, లేదా మరణం. హేమశ్రీ వాళ్ళు అనుమతి తీసుకుని మూడేళ్ళ గుండె ఆపరేషన్ల క్లెయిములు తెచ్చుకున్నారు. ఉత్తరాంధ్రలో పన్నెండు ఆసుపత్రులు. రోగుల వయసూ జబ్బు తీవ్రతా లెక్కలోకి తీసుకుని, ఎక్కడ తక్కువమంది పోతున్నారో వరస పెట్టారు. మొదటిది గోపాలపట్నంలో తరంగ హాస్పిటల్. ఆఖరిది ట్రస్టు ఆసుపత్రి, మా జాలరి పేటలవాళ్ళు ఎక్కువమంది వెళ్ళేది.

మంచి పని. ‘మంచి’ అన్నది విశేషణం. పని, అంతే.

ఎడిటర్ గారు నా వైపు తిరిగి, "సూర్యకళ గారూ, తెలుగులో మీరు రాసి పెట్టండి. ఆవిడ రాస్తే పాఠకుడికి ఎక్కదు" అన్నారు. పేరు సంగతి అడిగాను. "పరిశోధన డాక్టర్ హేమశ్రీ అని వేద్దాం. కథనం, స్టాఫ్ రిపోర్టర్."

మెట్ల దగ్గర హేమశ్రీ నా భుజం పట్టుకుంది.

"ఏటే, మొహం అలాగెట్టావ్? కుళ్ళా?"

"ఎండ."

"ఫిబ్రవరిలోనా? ఓలమ్మో."

రికార్డు కోసం: నాకు కుళ్ళు లేదు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఆమె కట్టుకున్నది పొందూరు చీర. నేను అడగలేదు. తనే చెప్పింది.

ఫిబ్రవరి 5, గురువారం

వంజరం చేపల ధరల వార్త కోసం పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాను. తమ్ముడు నాగబాబు బోటు అప్పుడే వచ్చింది. వాడు సరంగు. బోటు వాడే నడుపుతాడు. ఐసు పెట్టెల మీద నిలబడి అరుస్తున్నవాడు నన్ను చూసి దిగాడు.

ధనశ్రీ గురించి అడిగాను. నా మరదలు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది, ఆ జ్వరం గుండె వాల్వుని పాడుచేసింది. ఈమధ్య చేపల బుట్ట ఎత్తితే చాలు, ఆయాసం. వాల్వు మార్చాలి. ట్రస్టు ఆసుపత్రి పంతొమ్మిదో తారీకు ఇచ్చింది.

"ట్రస్టంటే నాకు బయమప్పా," అన్నాడు. ఇప్పటికీ నన్ను అప్పా అనే పిలుస్తాడు, అక్కా అనడు.

"ఏం? డాక్టర్ శ్రీరామ్మూర్తి గారు మంచి సర్జన్."

"సర్జన్ మంచోడే. ఆస్పత్రే మనిషిని ఇవ్వదు. శవాన్నిత్తాది. గురువమ్మ పిన్ని కొడుకుని ఏటి సేసారు? ‘సూత్తన్నాం, సూత్తన్నాం’ అని ఆకరికి గుడ్డ సుట్టి ఇచ్చారు. బైట పోయిన పీనుగని పెద్దోళ్ళు గడప దాటనిచ్చారా? వీధిలోనే పెట్టీసినారు. పిన్ని ఇప్పటికీ ఏడుత్తాది, నా కొడుకు ఇంట్లోకి రానేదని."

"మరి తరంగ?"

"తరంగోళ్ళు నయం. నాన్నకి ఊపిరుండగానే సెప్పీసారు కాదేటి, తీసుకుపొండని. ఆక్సిజన్ పెట్టి ఆళ్ళ అంబులెన్సులోనే తోలారు. రూపాయి అడగనేదు. నాను సంతకం పెట్టాను, తెచ్చీసుకున్నాం."

"ఒరేయ్, నాన్న పోయాడు కదరా. ఆపరేషన్ అయిన వారానికి."

నాగబాబు నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"ఆస్పత్రిలో పోనేదప్పా. ఇంటికొచ్చి పోనాడు."

వంజరం ధర రాసుకోవడం మర్చిపోయి వచ్చేశాను. ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

మధ్యాహ్నం క్యాంటీన్లో హేమశ్రీ లాప్‌టాప్ నా ముందు పెట్టింది, రాసేటప్పుడు అంకెలు సరిచూసుకోమని. ఆమె చేయి కడుక్కోడానికి వెళ్ళినప్పుడు తరంగ క్లెయిములు తెరిచాను. మగ, అరవై ఎనిమిది, బైపాస్, రెండేళ్ళ కిందటి జూలై. మా మండలం నుంచి ఆ నెలలో ఒక్కరే ఉన్నారు.

చివరి గడి: డిశ్చార్జి.

మా నాన్న జగ్గయ్య డిశ్చార్జి అయ్యాడు. బతికి వెళ్ళినవాళ్ళలో కలిశాడు. తరంగ మొదటి స్థానంలో ఆయన వాటా కూడా ఉంది.

హేమశ్రీ తిరిగొచ్చి కూర్చుంది. నాన్న పోయినప్పుడు తనే ఫోన్ చేసి, "ఇంట్లోనే పోయారటగా, మీరంతా దగ్గరున్నారా?" అని అడిగింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తున్నట్టు లేదు.

"సూర్యా, నిజం చెప్పు. ఏదైనా తేడాగా ఉందా? నాకు అంకెలే తెలుసు. నీకు ఈ ఆసుపత్రుల గుమ్మాలు తెలుసు. అందుకే నువ్వే రాయాలని మీ ఎడిటర్ని అడిగాను."

అంటే నేను రాయడం కూడా ఆమె దయ. ఆ మాట అప్పటిదాకా నాకు తెలియదు.

"తేడా ఏం లేదు" అన్నాను.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాసుకోవాలి. నా దగ్గర ఉన్నది ఒక్క కేసు. అదీ సొంత కుటుంబంలోది. ఒక్క కేసుతో ఒక ఆసుపత్రి మీద మాట అనకూడదు. రెండు సోర్సులు లేకుండా నేను ఏదీ చెప్పను, ఎవరికీ. అది నా పద్ధతి.

సాయంత్రానికి కాపీ ఇచ్చాను. ‘రికార్డుల ప్రకారం’ అని రెండు చోట్ల పెట్టాను. డెస్కువాళ్ళు ఒకటి తీసేశారు.

ఫిబ్రవరి 7, శనివారం

పేజీ వెళ్ళింది. ప్రూఫు రెండుసార్లు చూశాను. తప్పులు లేవు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున్నుంచి ఫోన్లు. అన్నీ హేమశ్రీ నంబరు అడగడానికే. ఒక టీవీ కుర్రాడు, "మేడం, మీరు కూడా ఆఫీసులోనే ఉంటారా, ఆవిడ ఇంటర్వ్యూకి గది ఇప్పిస్తారా?" అన్నాడు. ఇప్పించాను.

తెర మీద ఆమె బాగా మాట్లాడింది. నా వాక్యాలే మాట్లాడింది. ‘రోగి ఆసుపత్రిని ఎంచుకునేది నమ్మకంతో, ఇకనుంచి ఆధారంతో ఎంచుకోవచ్చు’ అన్నది నేను రాసిన వాక్యం. యాంకర్ తల ఊపి మెచ్చుకున్నది దానికే.

భోజనం వేళకి నాగబాబు ఫోన్.

"అప్పా, పేపర్ సూసావా?"

"నేను రాసిందేరా అది."

"నీ పేరు నేదు కదా. సర్లే గానీ, తరంగ ఫస్టట. ట్రస్టు ఆకర్నట. నానేటి సెప్పాను నీకు? ధనశ్రీని తరంగకి మార్సీస్తన్నాం. బీమా కార్డు మీద ట్రస్టోళ్ళ అప్రూవల్ కేన్సిల్ సేయించి ఈళ్ళు కొత్తది పెడతారట. పదారో తారీకు పొద్దున్న ఎనిమిదింటికి అడ్మిసన్."

"తొందరపడకు. ఆలోచించు."

"ఏటాలోసించాలి? నువ్వే రాసావు కదా."

అవును.

పెట్టేశాక మళ్ళీ ఫోన్ చేయొచ్చు. చేయలేదు. పదహారు అంటే ఇంకా వారం ఉంది. ఒక్క కేసుతో ఏం చెప్తాను?

ఫిబ్రవరి 9, సోమవారం

గోపాలపట్నం జంక్షన్లో తరంగవాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. మా మొదటి పేజీ, నిలువెత్తు. హేమశ్రీ ఫోటో పక్కన వాళ్ళ ఎండీ ఫోటో. స్టాఫ్ రిపోర్టర్ అన్న మాట కింద తాడు ముడిలో పడి కనిపించడం లేదు.

పదిహేడున ఢిల్లీలో పెద్ద సమావేశంలో మాట్లాడమని ఆమెని పిలిచారట. రాష్ట్రాలన్నీ ఈ పద్ధతిలో ఆసుపత్రుల నాణ్యత కొలవొచ్చు అన్న విషయం మీద. "నీకు ఢిల్లీ నుంచి ఏం తేవాలే?" అని మెసేజ్. ఏమీ వద్దన్నాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

పేటకి వెళ్ళాను. సోర్సుల కోసం. రెండు సోర్సులు లేవని అన్నాను కాబట్టి వెతకడం నా పని.

తవిటమ్మ ఇసకలో వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. భర్త కోటి పోయి ఏడాది దాటింది. ఆపరేషన్ తరంగలో.

"ఆసుపత్రిలోనే పోయాడా?" అని అడిగాను.

"అయ్యో, నేదమ్మా! ఆళ్ళు దరమాత్ములు. ‘అమ్మా, ఇంక మా సేతుల్లో నేదు, ఊపిరుండగా తీసుకుపో’ అని ఆళ్ళే సెప్పారు. మనం అడగక్కర్నేదు. అంబులెన్సు కూడా ఆళ్ళదే."

"ఇంటికి వచ్చాక ఎంతసేపు ఉన్నాడు?"

తవిటమ్మ వంగి చేపలు తిరగేసింది.

"ఎన్ఏడీ జంక్షను దాటేసరికే కాళ్ళు సల్లబడిపోనాయి. డ్రైవరు సూసాడు. ఏటీ అననేదు, మాస్కు తియ్యనేదు. గడప లోపల సాప మీద పడుకోబెట్టినాకే తీసాడు. పున్నెం కట్టుకున్నాడు బాబు. ఊళ్ళో ఎవులికీ సెప్పకు."

తరంగలో ఆపరేషన్ తర్వాత మనిషి పోయిన మరో నాలుగు ఇళ్ళకి వెళ్ళాను. తరంగలో పోయినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ ఇంట్లోనే పోయారు. ఆపరేషన్ తర్వాత రెండో రోజు, నాలుగో రోజు. సంతకం ఇంట్లోవాళ్ళదే. అందరికీ తరంగ అంటే గౌరవం. ట్రస్టు ఆసుపత్రి పేరెత్తితే మాత్రం గొంతులు లేచాయి.

సోర్సులు రెండు కాదు, ఐదు.

ఫిబ్రవరి 11, బుధవారం

రెండో పక్షం వినకుండా ఏదీ తేల్చకూడదు. తరంగ పీఆర్వో వీర్రాజుకి ఫోన్ చేశాను.

"మేడం! మీ పేపరు ఫ్రేము కట్టించాం, రిసెప్షన్లో పెట్టాం."

"ఐసీయూ నుంచి నేరుగా ఇంటికి ఎంతమందిని పంపుతారు?"

"అలా లెక్కెట్టం మేడం. ఫ్యామిలీవాళ్ళు సంతకం పెట్టి తీసుకెళ్తారు. అది డిశ్చార్జే కదా. సెంటిమెంటు మేడం, మనం కాదనగలమా?"

"ముందు అడిగేది ఎవరు? వాళ్ళా, మీరా?"

"మేడం, మీరు మా ఇంటిమనిషి లాంటోరు. ఇలా అడుగుతారేంటి?"

తర్వాత ట్రస్టు ఆసుపత్రి. శ్రీరామ్మూర్తి గారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

"మేం పంపం. చివరి నిమిషం దాకా చూస్తాం. అలా చూసినవాళ్ళలో కొందరు లేచి నడిచి వెళ్తారు. మిగతావాళ్ళు మా పద్దులో పోతారు. ఇంటికి పంపేస్తే ఆ కొందరు కూడా పోతారు కదా. కాకపోతే ఎవరి పద్దులోకీ రారు." కుర్చీ చూపించారు, తను కూర్చోలేదు. "మీ పేపరు చదివి ఈ మూడు రోజుల్లో ఆరుగురు పేర్లు తీసేసుకున్నారు. మీ మరదలు వాళ్ళలో ఉంది. సూర్యకళ గారూ, ఆదివారానికి ముందు ఒక్క ఫోన్ చేయలేకపోయారా?"

డెడ్‌లైన్ అన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

హేమశ్రీకి చెప్పలేదు. ఢిల్లీలో అంతమంది పెద్ద డాక్టర్లు ఉంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు లేచి, ‘ఇంటికి పంపినవాళ్ళ మాటేమిటి?’ అని అందరి ముందూ అడుగుతారు. అడిగేదాకా ఆగితే

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆ వాక్యం పూర్తి చేయను.

పదకొండు గంటలకి ధనశ్రీ మా ఫ్లాట్‌కి వచ్చింది, సంచిలో రొయ్యలు పట్టుకుని. మూడో అంతస్తు. రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయిందని కింది వాటావాళ్ళు వచ్చి చెప్పారు. వెళ్ళి చేయి పట్టుకున్నాను. పెదాలు నల్లగా ఉన్నాయి. నవ్వుతోంది.

"ఫోన్ చేస్తే నేనే దిగేదాన్ని కదా," అన్నాను.

"ఈ మెట్లు నువ్వే ఎక్కాలని రాసుందేటి వదినా? నానూ ఓసారి ఎక్కి సూద్దారనుకున్నాను. ఆపరేసనయినాక ఎక్కితే గొప్పేటుంది?"

ఇంట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టాను. గోడకి ఆనుకుని, ఊపిరి సర్దుకున్నాక, అడగకుండానే చెప్పింది.

"పేరెయ్యకపోతే ఏటి, అది నీ రాత అని నాకు తెల్దా? ‘అన్నారు’ అని రాత్తావు, ‘వాపోయారు’ అని రాయవు. ఎవులినీ ఎత్తవు, ఎవులినీ దించవు. ఆదివారం సదివి నానే సెప్పాను మీ తమ్ముడికి, తరంగకే పోదారని. ఆయన ఫోన్లో గొంతు ఇప్పాడు గానీ, మాట నాది. నువ్వు రాసావంటే కనుక్కునే రాసుంటావు."

ఈ వారమంతా నేను చూసుకున్నది నా పేరు ఎవరైనా గుర్తుపడతారా అని. గుర్తుపట్టిన మనిషి ఒక్కతే.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. చెప్తే ‘నీకెప్పుడు తెలిసింది వదినా?’ అని అడుగుతుంది. టీ పెట్టాను. పంచదార ఎక్కువైంది. ఆటో పిలిచి, కింది దాకా దించి వచ్చాను. రొయ్యలు అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరి 14, శనివారం

కూర్మన్నపాలెం వెళ్ళాను. హేమశ్రీ నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆమె వాళ్ళమ్మకి తలకి నూనె రాస్తోంది. నన్ను చూసి, "ఏటే, దారి తప్పావా?" అంది.

మేడ మీదికి తీసుకెళ్ళాను. నాన్న సంగతి చెప్పాను. కోటి సంగతి, తక్కిన ఇళ్ళ సంగతి, వీర్రాజు మాటలు, శ్రీరామ్మూర్తి గారి మాటలు. వార్త చెప్పినట్టు చెప్పాను, వరసగా. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక అడిగింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"మొన్ననా?"

నా ముందు రెండు దారులు ఉన్నాయి. ‘అవును’ అనడం తేలిక. నోట్లోకి వచ్చింది కూడా.

"కాదు. పేపరు రాకముందు గురువారం. శుక్రవారం నీ లాప్‌టాప్‌లో నాన్న క్లెయిము చూశాను."

"నేను అడిగిన రోజా?"

"నువ్వు అడగక ముందే."

హేమశ్రీ చేతికున్న నూనె చీరకి తుడుచుకుంది. పొందూరు చీర కాదు, పాతది. కింద వాళ్ళమ్మ ఎవరితోనో ఫోన్లో కూతురి ఢిల్లీ ప్రయాణం గురించి చెబుతోంది, చాలా గట్టిగా.

"ఎందుకే?" అంది.

"కుళ్ళు" అన్నాను.

"నా మీదా?"

"మరెవరి మీద?"

ఆమె నవ్వలేదు. ఏడవలేదు కూడా. "మొదట్నుంచీ నీకంటే ఒక మార్కు తక్కువే నేను. ట్రైనింగులో, డెస్కులో, అన్నిట్లో. నువ్వు ఉన్న చోట నేను రెండోదాన్ని. అందుకే పోయానే ఈ ఊరు ఒదిలేసి" అంది. తర్వాత వెళ్ళి లాప్‌టాప్ తెచ్చుకుంది.

నాకు కోపం వచ్చింది ఆ తర్వాత జరిగినదానికి. తెరిచి, కళ్ళు మూసుకుని, ఊరికే కూర్చుంది. తర్వాత అంది:

"వార్డులో ఒక్కరోజు కూడా లేకుండా ఐసీయూ నుంచి తిన్నగా ఇంటికెవరు పోతారే? ఐసీయూ రోజులు క్లెయిములో ఉంటాయి. అలాంటివాళ్ళని విడిగా తీద్దాం. గుండె ఆపరేషన్ అయి బతికున్నవాళ్ళకి మూడు నెలలకోసారి మందుల క్లెయిము వస్తుంది. అది ఒక్కసారి కూడా రానివాళ్ళనీ విడిగా తీద్దాం. రెండింటిలోనూ ఉన్నవాళ్ళెవరో చూద్దాం."

నాకు తట్టలేదు. ఐదు ఇళ్ళు తిరిగాను, ఆ ఒక్క ఆలోచన రాలేదు. ఇప్పుడు కూడా, ఈ స్థితిలో కూడా, ఆమెకి వచ్చి నాకు రాలేదని మండింది. రాసుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు.

మూడు గంటలు పట్టింది. అలా తేలినవాళ్ళని మరణాల్లో కలిపితే తరంగ మొదటి స్థానం నుంచి పదో స్థానానికి పడింది. ట్రస్టు ఆసుపత్రి నాలుగో స్థానానికి వచ్చింది. నాన్న క్లెయిము రెండు జల్లెడల్లోనూ మిగిలింది.

"ఇది తీర్పు కాదు, బలమైన అనుమానం," అంది హేమశ్రీ. "మందులు మానేసినవాళ్ళు కూడా ఉంటారు. మరణాల రిజిస్టర్‌తో కలిపి చూస్తేనే ఖాయం. కానీ మనం వేసిన వరస తప్పని చెప్పడానికి ఇది చాలు. సోమవారం పేపర్లో రావాలి. నా వైపు నుంచి నేను సంతకం పెట్టి ఇస్తాను. నేను మనుషుల్ని అడగలేదు, అది నా తప్పు. నువ్వు రాయి. ఈసారి స్టాఫ్ రిపోర్టర్ అని కాదు, నీ పేరు పెట్టు. ఏ గురువారం తెలిసిందో అది కూడా పెట్టు."

"ఉద్యోగం పోతుందే."

"పోవచ్చు."

దిగి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ పులిహోర తిని వెళ్ళమంది. తిన్నాను. హేమశ్రీ నాతో తినలేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఉదయం ఎడిటర్ గారింటికి వెళ్ళి కాపీ ఇచ్చాను. నిలబడే చదివారు. తారీకు రాసిన పేరా దగ్గర ఆగి, "ఇది తీసేస్తే మీకే మంచిది" అన్నారు. వద్దన్నాను. రేపు మొదటి పేజీలో వస్తుంది, కింది భాగంలో. నా పేరుతో.

అక్కణ్ణుంచి పేటకి. శివరాత్రి కాబట్టి బోట్లు వెళ్ళలేదు, నాగబాబు ఇంట్లోనే ఉన్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

నాగబాబు లేచి నిలబడ్డాడు.

"అంటే నాన్నని నాను సంపీసేనంతావా? సంతకం నాది కదా! ట్రస్టులో ఉంటే బతికేసేవాడేటి?"

"తెలీదురా. బతికేవాడని ఎవరూ చెప్పలేరు. నీ తప్పని అనడం లేదు."

"మరి నీ లెక్కలో నాన్న ఎక్కడ పోనాడు? ఆస్పత్రిలోనా, ఇంట్లోనా?"

జవాబు కోసం ఆగలేదు. చెప్పులు వేసుకోకుండానే ఇసకలోకి వెళ్ళిపోయాడు.

ధనశ్రీ ఉపవాసం ఉంది. మందులు వేసుకున్నావా అంటే వేసుకున్నానంది. ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత, "మొన్న టీ ఇచ్చినప్పుడు నీకు తెల్సా?" అంది.

"తెలుసు."

"పంచదార అందుకే అలాగేసావు."

అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వైతే ఎక్కడికి పోతావు వదినా? పేపరుకి సెప్పినట్టు కాదు. నాకు సెప్పు."

"ట్రస్టుకి. కానీ నీ పంతొమ్మిదో తారీకు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అప్రూవల్ మళ్ళీ పెట్టాలి. కొత్త తారీకు ఎప్పుడో డాక్టరు గారు చూశాకే చెప్తానన్నారు. ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం నా వల్ల."

"ఆలీసెంలో నాకేటైనా అయితే?"

ఆమె భయపడడం మొదటిసారి చూశాను. ఏమీ కాదు అని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. చెప్పలేదు. చేయి పట్టుకుంటే లాక్కుంది, కాసేపటికి మళ్ళీ తనే పెట్టింది.

"రేపొద్దున్న సెప్తాను," అంది. "నువ్వు రా. ఆయన రాకపోయినా నువ్వు రా."

హేమశ్రీ మెసేజ్: రేపు రెండింటి ఫ్లైటుకి ఢిల్లీ వెళ్తోంది. పాత వరస తీసేసి కొత్తది చూపిస్తుంది, బీమా రికార్డుల్లో ‘డిశ్చార్జి’ అన్న మాట వెనక ఏముంటుందో అన్న విషయం మీద. అక్కడివాళ్ళు ఎక్కువ సమయం కూడా ఇచ్చారట. ఆమె పరిశోధన ఇప్పుడు ముందుకంటే గట్టిది. దానికి కూడా కడుపు మండుతోంది, కాస్త తక్కువగా.

రేపు పదకొండున్నరకి ఎడిటర్ గదిలో నా రాతపూర్వక సంజాయిషీ.

అంతకుముందు ఎనిమిదింటికి తరంగలో ధనశ్రీ అడ్మిషన్. తొమ్మిదింటికి ట్రస్టులో శ్రీరామ్మూర్తి గారి ఓపీ. ఏడున్నరకి పేటకి ఆటో చెప్పాను. ఎక్కాక ఎటు పోనివ్వాలో ధనశ్రీ చెప్తుంది.